గాలికి తలుపు

ఎండకాలం సెలవులల్ల
ఇద్దరు పిల్లలొచ్చిండ్రు బాలానగర్‌ల మా షెడ్డుకు.
నోట్‌బుక్కు చింపిన కాగితం మీద పెన్సిల్ గీతలు.
నిశాత్ అనే పిల్ల, ఆమె ఎనుక ప్రణీత్.
రంగు గోలీలు కొట్టే ఫిరంగి అట,
శామీర్‌పేట దిక్కు మైదానంల ఆట అట.
గొట్టం ఉన్నది, పాత కంప్రెసర్ ఉన్నది,
వాల్వు ఒక్కటే కావాలె అన్నరు,
ఇల్లంత కట్టుకొని
దర్వాజ ఒక్కటే మర్శిపోయినట్టు.

రాణీగంజ్‌ల కొన్న నల్లా వాల్వు చూపించిండ్రు.
తిప్పంగ తిప్పంగ తెరుచుకుంటదది.
అప్పటికి గాలి సగం చల్లబడి
గోలి మూతి దాక వొచ్చి కింద పడుతది,
ముసలాయన దగ్గు లెక్క.

"రెప్ప కొట్టేలోపట తెరుచుకోవాలక్కా."
రెప్పను కొలిచే మైక్రోమీటర్ నా దగ్గర లేదు.

మొగులయ్య సేటు స్టూలు మీద కూసోని విన్నడు,
కుడి చెవితోటి.
ఎడమది ప్లాస్టిక్ పైపు పగిలిన నాడే పోయింది,
పాత దుకాణంల, నేను చిప్స్ ఊడ్చే రోజులల్ల.
ఆయన అడిగింది ఒక్కటే:
"గొట్టం దేంతోటి?"
పిల్లలు నేల దిక్కు చూసిండ్రు.
ఆ తెల్ల పైపును మోకాలి మీద పెట్టిండు,
విరిచే బలం చాలక
రంపం నాకిచ్చిండు.

అతుకు లేని స్టీలు తెచ్చినం.
మూడు రాత్రులు ఇత్తడి కడ్డీ తిప్పిన.
లోపట ఒక పిస్టన్.
ముందట గాలి, ఎనుక గాలి,
ఇద్దరు సేట్ల నడుమ వర్కరు లెక్క
ఎటూ కదలదు.
ఎనుక గాలిని వదిలితే మాత్రం
ఒక్క దుంకుల పక్కకు జరుగుతది,
తోవ ఇస్తది.

రబ్బరు రింగుకు గాడి కోసిన.
లోతు ఎక్కువైతే కారుతది, తక్కువైతే పట్టుకుంటది.
ఒకటి చెడింది. రెండోది చెడింది.
మూడోదానికి కరెంటు పోయింది.
చీకట్ల వేలి కొసతోటి గాడి తడిమిన,
వేలికి తెలిసింది, కాగితం మీద గీత తప్పని.

"సుగుణా, ముందుగాల నీళ్లు" అన్నడు సేటు.
నీళ్లు నింపి చేతి పంపుతోటి నొక్కినం,
ఆటకు కావాల్సిన దానికి రెండింతలు.
నీళ్లను ఎంత నొక్కినా ఊకుంటయి,
అతుకు ఇడిస్తే నేల తడుస్తది, గంతే.
గాలి అట్ల కాదు,
నొక్కిన చెయ్యిని యాది పెట్టుకుంటది.
మర కాడ ఒక్క చుక్క మొలిచింది.
ప్రణీత్ తుడిచిండు. మళ్ల మొలిచింది.
మళ్ల లేతు ఎక్కించిన.

ఐతారం పొద్దుమూకంగ
ఇసుక బస్తాల ఎనుక కూసోని తాడు గుంజినం.
ఢమ్ అన్నది, ముందట ఏం పోలే.
మూతిలకెళ్లి గులాబి రంగు కారుతుంది
ముక్కు పగిలిన పిల్లగాని లెక్క.
గోలి గొట్టంలనే పగిలింది.
ఇన్ని దినాలు తొందర తొందర అనుకుంట చెక్కిన,
దానికి దెబ్బ తగుల్తదని తోచలే.

గాలి దించి, విప్పి,
తోవ అంచును ఎమరీ కాగితంతోటి గుండ్రం చేసిన.
ప్రెషర్ తగ్గించిన.
నిశాత్ కాగితం మీద ఏదో కొట్టేసి
ఏదో రాసుకున్నది, నాకు చూపియ్యలే.

రెండోసారి తాడు సేటు గుంజిండు.
ఎడమ అరచెయ్యి బస్తా మీద బోర్లా పెట్టి
చెవి లేని దిక్కు నుంచి విన్నడు.
ఎదురుంగ ఎప్పుడో మూతబడ్డ
ఫ్యాన్ల కంపెనీ షట్టరు మీద
పళ్లెమంత గులాబి మచ్చ.
"పలికింది" అన్నడు,
చెయ్యి తియ్యకుంట.

సోమారం షట్టరాయన వొచ్చి లొల్లి పెట్టిండు.
పిల్లలు సబ్బుతోటి కడిగిండ్రు, మొత్తం పోలే.
ఇప్పుడు టెంపో డ్రైవర్లు ఫోన్ చేసి
మా షెడ్డు ఏడ అని అడుగుతరు.
గులాబి మచ్చ ఎదురుంగ, అంటున్న.